సొంత పీఠానికి పోటీ

అర్జెంటీనా విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్ పదవి ఎవరికీ శాశ్వతం కాదు. ఏడేళ్లకొకసారి ఎవరి పీఠానికి వారే మళ్లీ పోటీ పడాలి. శాన్ ఎలాదియోలో కంప్యూటర్ శాస్త్రం బోధించే ఎల్విరా సగస్తూమే అలా మూడుసార్లు నెగ్గింది. నాలుగోసారి ఎదురు నిలిచినవాడు లౌతారో పెజ్జానో, ఆమె శిష్యుడే.

ఎల్విరా గణితంలో పట్టా పుచ్చుకునే నాటికి ఆ ఊళ్లో ఉన్న కంప్యూటర్ ఒక్కటే, అదీ ధాన్యపు సహకార సంఘానిది. అట్టలకు చిల్లులు పొడిచి దానిచేత లెక్కలు చేయించడం నేర్చుకుంది. తొలి ఏళ్లలో జీతం లేకుండానే పాఠం చెప్పింది. అక్కడ అది వింత కాదు. తోటివాళ్లు రాజధాని బ్యాంకులకు వెళ్లిపోయినా ఆమె సుద్దముక్క వదల్లేదు. అయితే డాక్టరేట్ చేయలేదు. పరిశోధన పత్రాలూ కొద్దే. లౌతారోకు ఆ రెండూ దండిగా ఉన్నాయి. కనుక ఆమె పీఠం నిలవాలంటే పాఠమే నిలబెట్టాలి.

ఆనవాయితీ ప్రకారం చెక్క డబ్బా తిప్పి, నంబరున్న గోళీ ఒకటి తీసి పాఠ్యాంశం నిర్ణయించారు. తనను తానే పిలుచుకునే ప్రోగ్రాం గురించి ఇద్దరూ చెప్పాలి. ఒకరి పాఠం మరొకరు వినకూడదు. ఇంటిపేర్ల అక్షరక్రమంలో లౌతారో వంతు ముందు వచ్చింది.

తన వంతు రాగానే ఎల్విరా న్యాయనిర్ణేతలు ముగ్గురినీ లేపి వరుసగా నిలబెట్టింది.

"ఇది రొట్టెల దుకాణం ముందు క్యూ అనుకోండి. మీ ముందు ఎంతమంది ఉన్నారో తెలియదు. ముందున్నాయన్ని అడగండి. ఆయన తన ముందాయన్ని అడుగుతాడు. మొదటాయన ఎవరూ లేరంటాడు. ఆ జవాబుకు ఒక్కొక్కరూ ఒకటి కలిపి వెనక్కి పంపండి."

వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. పాఠం ముగిశాక వారి అధ్యక్షుడు రోకామోరా అడిగాడు: "ఈ క్యూలో మేము పొద్దున్నే ఒకసారి నిలబడ్డాం మేడం. ఇదెక్కడిది?"

ఆమెకు విషయం అర్థమైంది. తనదంటే శిష్యుణ్ణి దొంగను చేసినట్టు. ఊరుకుంటే తానే దొంగ.

"నేను చెబితే నాకు అనుకూలంగా చెప్పినట్టుంటుంది. అతన్నే పిలిచి అడగండి."

లౌతారో వచ్చి, ప్రశ్న విని, చెవులదాకా ఎర్రబడ్డాడు.

"అది మా ప్రొఫెసర్ గారి ఉదాహరణే. మొదటి సంవత్సరంలో నన్ను క్యూ చివర నిలబెట్టారు. ఆ పాఠం మరోలా చెప్పొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు."

"మార్కులు పోతాయి, తెలుసా?" అన్నాడు రోకామోరా.

"పోనివ్వండి. ఉన్నమాట అడిగారు, చెప్పాను."

మోసం ఎవరిదీ కాదని నిర్ణేతలు తేల్చారు. కొత్తదనానికి అతనికి వేసిన మార్కులు మాత్రం ఆమె ఖాతాకు మార్చారు. పత్రాల్లో అతను, పాఠంలో ఆమె ముందున్నారు. స్వల్ప తేడాతో పీఠం ఎల్విరాకే మిగిలింది.

ఆ సాయంత్రం ఆమె తన గదిలో, అక్కడివాళ్లు టీలా తాగే మాతె ఆకు సొరబుర్రలో వేసి, వేడినీళ్లు పోసి అతన్ని పిలిచింది.

"కోపమా ప్రొఫే?" ప్రొఫెసర్‌ను విద్యార్థులు పిలిచే పిలుపుతోనే అడిగాడు లౌతారో.

"కోపమెందుకు? నా పాఠం నాకంటే బాగా చెప్పావట. అదే కాస్త మండింది."

అతను నవ్వాడు. "ఏడేళ్ల తర్వాత మళ్లీ వస్తా."

"అప్పటికి నేను రిటైరవుతాను. ఖాళీ కుర్చీని గెలిచి ఏం గొప్ప? సోమవారం మొదటి సంవత్సరం పాఠం నువ్వే చెప్పు. క్యూ మాత్రం వద్దు. నీదంటూ ఏదైనా పట్టుకురా."

లౌతారో మాతె తాగి ఖాళీ సొరబుర్ర తిరిగిచ్చాడు. థాంక్స్ అనలేదు; మాతె తాగేచోట ఆ మాట అంటే ఇక చాలని అర్థం. ఎల్విరా మళ్లీ వేడినీళ్లు పోసింది.