రెప్ప వాల్చని లెన్సు

ఊరి ఐస్ హాకీ రింకు గోడకు ఏటా ఒక్క ఫోటోయే ఎక్కుతుంది. సొంతూళ్లో ఆడే ఆఖరి ఆటలోది. ఏళ్ల తరబడి దాన్ని తీసినవాడు వెర్నన్. ఆకులు రాలే కాలంలో అతనూ పోయాడు. ఈ ఏడు గోడమీది మేకు బోసిగా ఉండకూడదని, కెమెరా ఎన్నడూ ముట్టని అతని భార్య ఆర్డిస్ అతని కెమెరా సంచీ కిందికి దించింది.

సంచీలో రెండు జూమ్ లెన్సులున్నాయి. పాతది రోకలిబండంత బరువు. రెండోది కిందటేడు కొన్నది, తేలిక. గుమ్మం ముందు మంచులో జారి మణికట్టు విరగ్గొట్టుకున్న మనిషి కదా, ఆర్డిస్ తేలికదే తగిలించుకుని ప్రాక్టీసుకి వెళ్లింది.

మంచు తెలుపు కెమెరాను మోసం చేస్తుందనీ, వెలుతురు కొలత మనమే బిగించుకోవాలనీ వెర్నన్ అంటుండగా విన్నదే. అలాగే బిగించింది. రింకంతా పట్టేలా తీస్తే బొమ్మ తేటగా వచ్చింది. గోలు కాసే పిల్ల ఇంగా మొహాన్ని దగ్గరికి లాగి తీస్తే మసిబారిపోయింది. మళ్లీ తీసింది. మళ్లీ అంతే.

అక్కడే కాఫీ అమ్మే ఆడపడుచు మార్లిస్ భుజం మీంచి తొంగిచూసింది.

"ఏం వదినా, పిల్లని బొగ్గుల బస్తాలో పెట్టి తీశావా?"

"నీ కాఫీ కన్నా చిక్కగానే ఉందిలే."

"మా అన్నయ్య పెద్ద లెన్సేదీ?"

"ఎత్తలేను మార్లిస్. సూప్ గిన్నె దించడానికే వణుకుతోందీ చెయ్యి."

ఇంటికొచ్చి రెండింటినీ వంటింటి బల్లమీద పెట్టుకుంది. వెలుగు కొలతకి తేలికదాని అంచున రెండు అంకెలు, బరువుదాని మీద ఒక్కటే. అప్పుడు గుర్తొచ్చింది, వెర్నన్ పెద్ద లెన్సు తుడుస్తూ చెప్పిన మాట. "వెలుగు దూరే కన్నుంటుంది ఆర్డీ. రెండంకెలున్న తేలికవి దగ్గరికి లాగేకొద్దీ కన్ను చికిలిస్తాయి. ఈ పాతది ఎంత లాగినా రెప్ప వాల్చదు. చీకటి రింకుకి ఇదే."

అంత తెలిసినవాడు కిందటేడు తేలికదెందుకు కొన్నాడు? ఆ ఏటి ఫోటో గోడమీద మసకగానే ఉంది. దీపాలు పాడయ్యాయని ఊరంతా అనుకుంది, ఆమె కూడా. అతనూ అవునవునన్నాడు. అంటే అప్పటికే భుజంలో బలం పోయిందన్నమాట. ఇంట్లో మాత్రం పొయ్యిలోకి కట్టెలు తనే మోశాడు, ఆమె చూస్తుండగా.

ఆర్డిస్ తేలిక లెన్సుకి మూతపెట్టి, దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి సంచీలో పెట్టింది.

ఆటరోజు బరువుదే తెచ్చింది. విరిగిన హాకీ కర్ర చివర తువ్వాలు మడిచి, ఆటపిల్లల టేపుతో చుట్టి, దానిమీద లెన్సుని ఆనించింది.

"లెన్సుకి కూడా చేతికర్రా వదినా?"

"మంచులో జారిన రోజు నాకు లేకపోయింది. దానికైనా ఉండనీ."

మార్లిస్ కర్ర కింది కొస జారకుండా కాలు అడ్డుపెట్టింది.

ఆఖరి గంట మోగింది. ఇంగా ముసుగు పైకెత్తింది. ఆర్డిస్ దగ్గరికి, ఇంకా దగ్గరికి లాగింది. మణికట్టు సలుపుతోంది. ముక్కుమీది చెమటతో సహా మొహమంతా వెలుగులోనే ఉంది. నొక్కింది.

ఫోటో గోడకెక్కిన రోజు మార్లిస్ తల పక్కకి వంచి చూసింది. "దీని పక్కన అన్నయ్య కిందటేడు తీసింది మరీ నల్లగా కనిపిస్తోంది. కంప్యూటర్లో వెలుగు పెంచేద్దామా?"

"వద్దు," అంది ఆర్డిస్. "ఆ ఏడు మీ అన్నయ్య మోయగలిగింది అంతే. అలాగే ఉండనీ."