చివరి పేజీలు చింపిన మనిషి

నేను పటాన్‌చెరు హైస్కూల్లో టీచరుగా ఉన్న రోజుల్లో, మా పక్క వాటాలో ఒక లేత్ మిషన్ ఆపరేటర్ కిరాయికి ఉండేవాడు. ఎక్కడ కూర్చున్నా అతని వీపు గోడకు ఆనాల్సిందే. కంపెనీ బస్సులో చివరి సీటు దొరక్కపోతే నిలబడే వెళ్లేవాడు. చిన్నప్పుడు బాలనేరస్థుల బడిలో పెరిగాడు. వెనక నుంచి దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియని చోట అబ్బిన అలవాటు అది.

అలాంటి బడిలోనే ఒక వార్డెన్ పిల్లల్ని పెట్టిన హింస మీద అప్పట్లో ఒక నవల చదివాను. చదువుతున్నన్ని రోజులూ అన్నం సహించలేదు. ఆఖరున వార్డెన్ పశ్చాత్తాపపడితే నాకు కన్నీళ్లొచ్చాయి. పక్క వాటా అతను అడిగితే ఆ పుస్తకం ఇచ్చాను.

ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి అతను మా అరుగు మీద కూర్చుని దాని చివరి పేజీలు చింపుతున్నాడు.

"ఏం చేస్తున్నవ్?" అన్నాను.

"దెబ్బలన్నీ నిజమే రాసిండు సార్. గీ ఆఖరుదే అబద్ధం. వార్డెన్ ఏడ్సి పిల్లల కాళ్లు మొక్కిండంట. ఎవడు మొక్కిండు?"

గొంతు పెంచలేదు. కాగితాలను మాత్రం పిడికిట్లో నలిపేస్తున్నాడు.

"మా వార్డెన్ కొట్టిన దెబ్బలకు నా దోస్తు సచ్చిపోయిండు. నెల గూడ కాలే, ఆయన రిటైరైతే దండలేసిండ్రు. మమ్ముల లైన్ల నిలవెట్టి చప్పట్లు కొట్టుమన్నరు."

"కొట్టినవా?"

"అందరికంటె గట్టిగ కొట్టిన సార్. ఆయన నా దిక్కే సూస్తుండె."