కుళాయికి గౌను

బోసిగా ఉన్న వస్తువును చూస్తే మా అమ్మమ్మ చేతులు ఊరుకోవు. అది కుర్చీ కాలు కావచ్చు, ఉప్పు డబ్బా కావచ్చు, పక్కింటివాళ్ల పిల్లి కావచ్చు. క్రోషా సూది చేతిలో, దారపుండ ఒళ్లో ఉంటే చాలు, కళ్లతోనే కొలతలు తీసుకుని సాయంత్రానికల్లా దానికో తొడుగు అల్లేస్తుంది. పిల్లి సంగతి నేను కల్పించి చెప్పడం లేదు. అది ఇప్పటికీ మా ప్రహరీ మీద నడవదు. చుట్టూ తిరిగి పోతుంది.

మా ఇంట్లో కుళాయికి గౌను ఉంది. గ్యాస్ సిలిండరుకు పావడా ఉంది. కుర్చీ కాళ్లకు మేజోళ్లు, తలుపు పిడులకు టోపీలు, మంచినీళ్ల బిందెకు చేతుల్లేని చొక్కా. కొత్తవాళ్లెవరైనా వస్తే కూర్చోవాలో, ముందు ఆ కుర్చీని కుశలం అడగాలో తేలక గుమ్మంలోనే నిలబడిపోతారు.

ఒకసారి గ్యాస్ బండి మనిషి ఖాళీ సిలిండరును పావడాతో సహా భుజాన వేసుకుని పోయాడు. అమ్మమ్మ వీధి మలుపు దాకా వెంటపడింది. "దాన్ని తీసుకుపో నాయనా, దాని పావడా మాత్రం ఇచ్చిపో" అని బతిమాలింది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆ మనిషి మంచివాడు. సిలిండరును నడివీధిలో దించి, తల పక్కకు తిప్పుకుని, పావడా విప్పి ఇచ్చాడు. ఆ రోజు నుంచీ వాళ్ల ఆఫీసులో మాది పావడా ఇల్లు.

కుళాయి బాగుచేసే ఆయన అవస్థ ఇంకోరకం. కారడం ఆపి, గౌను తిరిగి తొడిగి వెళ్లబోతుంటే అమ్మమ్మ వెనక్కి పిలిచింది. కుచ్చులు వెనక్కి పోయాయట. మా పాపకి స్కూలు బట్టలు వేసేటప్పుడు కూడా నన్నింత సతాయించరమ్మా, అని గొణుక్కుంటూ ఆయన మళ్లీ మొదటినుంచీ తొడిగాడు.

ఈ సంసారాన్నంతా మా తాతయ్య భరిస్తూ వచ్చాడు. భరించడమంటే నోరు మూసుకుని కాదు. వీధి మలుపు తిరిగితే ఆయన తాళాల షాపు. పాత తాళాలు బాగుచేస్తాడు, మారుతాళాలు చేస్తాడు. మా ఇంట్లో దొంగ పడితే వాడికి తెల్లారేదాకా వీటి బట్టలు విప్పడంతోనే సరిపోతుంది, ఇక నా తాళాలతో పనేముంది, అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఎక్కువసేపు కదలకుండా కూర్చోవాలంటే తనకు భయమనీ, వస్తువనుకుని కొలతలు తీసేస్తుందనీ అనేవాడు. మీకు అల్లాలంటే దారం చాలదు లెండి, అని అమ్మమ్మ ఆయన పొట్ట వంక చూసేది.

పని చక్కగానే ఉండేదిగానీ రంగులే ఘోరం. ఊదా గౌనుకు చిలకపచ్చ కుచ్చులు, పసుపు టోపీకి ఎర్ర అంచు. తొమ్మిదో తరగతి దగ్గర నేనూ బడీ ఒకరితో ఒకరం విసిగిపోయి విడిపోయాం. అలాంటి నాకే ఆ రంగులు చూస్తే తల తిరిగేది. ఆ మాటే అంటే, "రంగుదేముందే, చీకట్లో అన్నీ ఒకటే" అని తేల్చేసింది.

అల్లిక దగ్గర మాత్రం మహా పట్టింపు. వంటింట్లో డబ్బాలన్నీ ఒకే సైజు స్టీలు డబ్బాలు. ఉప్పు డబ్బాకు చేతికి గుచ్చుకునేలా బొడిపెలు, చక్కెర డబ్బాకు చేప పొలుసులు, టీ పొడికి జల్లెడ కన్నాలు. సామాన్ల గది తలుపు పిడికి మెలికలు, స్నానాల గది పిడికి గుండ్రటి గుండీలు. ఎవరి బట్టలు వాళ్లవే, ఒకరివి ఇంకొకరికి తొడిగితే ఊరుకునేది కాదు. ఒకసారి రెండు చోట్ల ఒకే అల్లిక వచ్చిందని పూర్తయిన తొడుగును సర్రున ఊడదీసేసింది. అయితే ఏమైందని అడిగాను. "ఇద్దరికి ఒకే మొహం ఉంటే మొగుడు ఎవర్నని పిలవాలే?" అంది. ఆ మాటకు నవ్వానేగానీ ఆలోచించలేదు. ఆలోచించే అలవాటే ఉంటే పదో తరగతికి వెళ్లేదాన్ని.

డబ్బాలూ పిడులూ అయిపోయాక గోడల మీద పడింది. పడగ్గది నుంచి స్నానాల గది దాకా వరండా గోడకు నడుమెత్తున పొడుగాటి పట్టీ అల్లి మేకులకు తగిలించింది. మెట్టున్న చోట పట్టీ మీద బొద్దుగా ఒక పువ్వు. గోడ బోసిగా ఉందట. ఆ తర్వాత వీధి మలుపులో దీపస్తంభానికి స్వెటరు వేసింది. రిటైరైన హెడ్మాస్టరుగారు ఆగి, ఏమమ్మా, స్తంభానికి చలేస్తోందా, అని అడిగారు. మీరు సాయంత్రం కాసేపు తిరగడానికే మఫ్లరు చుట్టుకుంటారు, అది రాత్రంతా నిలబడుతుంది కదండీ, అంది. ఆయన మఫ్లరు సర్దుకుని వెళ్లిపోయారు. వీధంతా అమ్మమ్మకు ఒక మర కాస్త వదులైందని నిర్ధారణ చేసుకుంది.

అలాంటి సమయంలో పిన్ని సూట్‌కేసుతో దిగింది. పిన్ని బ్యాంకులో పనిచేస్తుంది. సూర్యుడు తూర్పున ఉదయించాడన్నా ఇంకోసారి సరిచూసుకునేదాకా నమ్మదు. అమ్మమ్మ అల్లికలంటే ఆమెకు పడవు. తన ఫ్లాటుకు వాటిలో ఒక్కటి కూడా తేవద్దని గృహప్రవేశం నాడే చెప్పేసింది.

ఇప్పుడొచ్చింది తాతయ్య కోసం. అంతకు ముందు నెల ఒక పెళ్లిలో తాతయ్య, పిన్ని కట్టిన చీరలాంటిదే కట్టుకున్న ఎవరో లావుపాటి ఆవిడ చెయ్యి పట్టుకుని, ఏమ్మా ఎప్పుడొచ్చావు, బాగా చిక్కిపోయావే, అని పలకరించాడు. ఆవిడ జన్మలో వినని మాట అది. సంతోషంతో ఆయన్ని వదలలేదు. అసలు పిన్ని ఇవతల నిలబడి చూస్తోంది.

వచ్చిన రోజే పిన్ని తన నిర్ణయం చెప్పింది. నాన్నకు చూపు ఆనడం లేదని తేలితే షాపు మూసేయాలి, ఇద్దరూ వచ్చి తన నాలుగో అంతస్తు ఫ్లాటులో హాయిగా కూర్చోవాలి. తాతయ్య ఆ పూట అన్నం దగ్గర ఒక్క జోకూ వేయలేదు. ఆ షాపులో ఉన్నది ఒక స్టూలు, ఆకురాళ్ల పెట్టె, గోడ నిండా వేలాడే తాళంచెవులు. తాళం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ పగలంతా అక్కడే చేరతారు. తాళాలదేముంది, ఆయన వేళ్లు ఎప్పుడూ కళ్లతో పని లేకుండానే తిప్పుతాయి. షాపు లేని తాతయ్య అంటే చెవి పోయిన తాళమే. చూడ్డానికి బాగానే ఉంటుంది, తెరుచుకోదు.

మర్నాటి నుంచి పరీక్షలు మొదలయ్యాయి. పిన్ని పేపరు ముందు పెట్టి ఏం రాశారని అడిగితే, అన్నీ అబద్ధాలే రాశారన్నాడు. టైమెంతయిందంటే, నీ లీవు అయిపోవస్తోందన్నాడు.

"సరే నాన్నా, నా చీర ఏ రంగు?"

"నీకు నప్పని రంగు."

అది నిజం కావడంతో పిన్నికి ఏ మార్కులు వేయాలో తెలియలేదు.

ఒకరోజు పొద్దున్నే అమ్మమ్మ దారం కొనడానికి వెళ్లింది. దారానికి వెళ్లిందంటే కొట్టువాడు తలుపులు వేసుకునేదాకా రాదు. పిన్ని నడుం బిగించింది. కోపంతో కాదు పాపం, ఇల్లు శుభ్రం చేసి తల్లిని సంతోషపెడదామని. తొడుగులన్నీ ఒలిచి, వేణ్నీళ్లలో నానబెట్టి, ఉతికి, దండెం మీద ఆరేసింది. ఏదో మరుగుజ్జుల హాస్టల్లో బట్టలారేసినట్టుంది మా పెరడు. ఆరినవాటిని రంగులు చూసి జతలు కలిపి తొడిగింది. వంటింట్లో అంతా నీలం, తలుపులకు ఆకుపచ్చ. ఆ ఇల్లు అంత అందంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. గోడ పట్టీ ఒక్కటే ఇంకా తడారక దండెం మీదే ఉంది.

సాయంత్రం తాతయ్య షాపు నుంచి వచ్చాడు. సాయంత్రం టీ ఆయన చేతిదే, ఎవర్నీ పొయ్యి దగ్గరికి రానివ్వడు. వరండాలో అడుగుపెట్టి అలవాటుగా గోడ మీద చెయ్యి వేశాడు. బోసి మేకు తగిలింది. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఆగిపోయింది. తర్వాత, ఎవరో ఫొటో తీస్తున్నట్టు ఛాతీ విరుచుకుని మరీ వంటింట్లోకి నడిచాడు.

టీ వచ్చింది. ఒక గుక్క తాగగానే నాకు సముద్రం గుర్తుకొచ్చింది. పిన్ని కప్పు కింద పెట్టి ఆయన్నే చూస్తోంది. తాతయ్య మొహం కడుక్కుని వస్తానని లేచి, గుండ్రటి గుండీల పిడిని తడిమి, తలుపు తీసి, నేరుగా సామాన్ల గదిలోకి వెళ్లాడు. లోపల రేకు డబ్బాలు దొర్లాయి. తర్వాత చిన్న గొంతుతో, "కుళాయి ఏదే?" అని వినబడింది. కాసేపటికి చెత్త ఎత్తే చేట చేత్తో పట్టుకుని బయటికొచ్చి, దీనికోసమే వెళ్లానన్నాడు.

ప్రతిదానికీ నవ్వే నేను కూడా నవ్వలేదు.

సరిగ్గా అప్పుడే అమ్మమ్మ వచ్చింది. నీలం రంగు వంటింటిని ఒకసారి చూసింది. తాతయ్య చేతిలో చేటను చూసింది. సంచీ కింద పెట్టి, ఆయన కప్పు అందుకుని, ఆ టీ అంతా ఒక్క చుక్క మిగల్చకుండా తాగేసింది.

"గొంతు నొప్పిగా ఉంది, ఉప్పు వేసి పెట్టమని నేనే చెప్పాను" అంది.

"మా కప్పుల్లో కూడానా?" అంది పిన్ని.

"గొంతు నొప్పి అంటుకుంటుంది. ముందుజాగ్రత్త."

"మరి ఆ చేట?"

"పొద్దున తెమ్మన్నాను. ఆయనకి ఇప్పటికి తీరింది. మొగుళ్లంతా అంతే."

ఆ మాట తాతయ్యకు మునిగేవాడికి తాడు దొరికినట్టయింది. పనిచేసి వచ్చినవాణ్ని కాసేపు కూర్చోనివ్వదు కదా, అని హాయిగా తిట్టుకుంటూ అరుగు మీదికి వెళ్లిపోయాడు.

పిన్ని వంటింటి తలుపు దగ్గరికి వేసింది. "అమ్మా, నాన్నకి కనబడటం లేదు కదూ?"

అమ్మమ్మ దారపుండలు బయటికి తీస్తూ, పూర్తిగా పోలేదే, మసగ్గా ఉంది, అని చెప్పింది. కళ్ల డాక్టరుగారింట్లో తాళం పాడైందని తాతయ్య మాటిమాటికీ వెళ్లొచ్చేవాడట. ఆయన బాగుచేసిన తాళం రెండోసారి చెడటం ఎక్కడైనా ఉందా? అనుమానం వచ్చి తనూ వెళ్లి డాక్టర్ని అడిగింది. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని కాపాడటానికి చుక్కల మందు ఇచ్చాను, అన్నారాయన. ఆ వారమే ఉప్పు డబ్బాకు బొడిపెలు వచ్చాయి.

"నీకు తెలుసని నాన్నకి చెప్పేయొచ్చుగా?"

"నాకు తెలియకుండా ఉండాలని ఆయన ఎంత కష్టపడుతున్నారో చూశావుగా. ఆ కష్టమంతా వృథా చేయమంటావా?"

"వీధిలో నిన్ను పిచ్చిదంటున్నారు."

"అననీవే. నన్ను చూసి నవ్వేవాళ్లు ఆయన వంక చూడరు." అమ్మమ్మ ఉప్పు డబ్బా దగ్గరికి లాక్కుంది. "ముందు ఇది విప్పు. దీని బట్టలు చక్కెరకి వేశావు. రెండూ సిగ్గుతో చచ్చిపోతున్నాయి."

ముగ్గురం కూర్చుని ఎవరి బట్టలు వాళ్లకు తొడిగాం. తడి పట్టీనే మేకులకు తగిలించాం. అయ్యాక పిన్ని పడగ్గది గుమ్మంలో నిలబడి కళ్లు మూసుకుంది. పట్టీ మీద చెయ్యి ఆనించి నడిచింది. పువ్వు తగిలినచోట ఆగి, కాలు చాపి, మెట్టు దిగింది. గుండ్రటి గుండీలు వెతుక్కుని స్నానాల గది తలుపు తీసింది. ఇంకోసారి సరిచూసుకోవడం ఆమె అలవాటు కదా, వెనక్కి కూడా అలాగే వచ్చింది. చేరుకున్నాక కూడా చాలాసేపు కళ్లు తెరవలేదు.

వెళ్లే రోజున, షాపు మాటేమిటమ్మా, అని తాతయ్యే భయం భయంగా కదిపాడు. ముందు నా బీరువా తాళం బాగుచేసి పెట్టు నాన్నా, ఇక్కడే వదిలి వెళ్తున్నాను, అంది పిన్ని. తాతయ్య ఆ తాళాన్ని అందుకుని, మిఠాయి దొరికిన పిల్లాడిలా ఉండబట్టలేక అప్పుడే షాపుకు వెళ్లిపోయాడు. దీపస్తంభం దగ్గర స్వెటరును ఒకసారి తట్టి మలుపు తిరిగాడు.

ఆటో ఎక్కబోతూ పిన్ని అమ్మమ్మ వైపు తిరిగింది. "మా ఫ్లాటులో తలుపు పిడులు బోసిగా ఉన్నాయమ్మా. నాన్న ఎప్పుడైనా వస్తే..."

"తెలుసు. గృహప్రవేశం నాడే కొలతలు తీసుకున్నా" అంది అమ్మమ్మ.

ఆ మధ్యాహ్నం నేను తాతయ్యకు క్యారియరు తీసుకెళ్లాను. ఆయన తల వెనక్కి వాల్చి కంట్లో చుక్కలు వేసుకుంటున్నాడు. నా అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి సీసాను ఆకురాళ్ల పెట్టెలో దాచబోయాడు. నేనేనని తెలిశాక దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, మీ అమ్మమ్మకు ఈ మందు సంగతి తెలియదు, తెలిస్తే బెంగపెట్టుకుంటుంది, చెప్పనని ఒట్టెయ్యి, అన్నాడు. వేశాను.

చుక్కల సీసా ఆయన అరచేతిలో ఉంది. దాని ఒంటి మీద ముద్దొచ్చే చిన్న స్వెటరు, చిలకపచ్చ రంగుది, ఊదా అంచుతో. మా ఇంట్లో ఇంకెక్కడా లేని అల్లిక. మెడ దగ్గర బటన్ కూడా ఉంది.

"మరి ఈ తొడుగెక్కడిది తాతయ్యా?"

తాతయ్య బొటనవేలితో ఆ అల్లికను మెల్లగా నిమిరాడు.

"ఇదా? సీసాతో పాటే వచ్చింది" అన్నాడు.