బావగారి చెవులు

మా బావగారికి నూజివీడు దగ్గర మామిడి తోటలున్నాయి, ఒక గిటారుంది, చెవులు మాత్రం లేవు. పెళ్లి రిసెప్షన్లకు వెళ్లే మా ఆర్కెస్ట్రాలో ఆయన గిటార్ వాయిస్తాడు, నేను పాడతాను. మా అక్క మొగుడు కాబట్టి ఏమీ అనలేను.

ఆయన వాయించడం నేర్చుకోడు, సామాను మారుస్తాడు. తీగలు మార్చాడు, కేబుల్ మార్చాడు. మార్చిన ప్రతిసారీ "తేడా తెలుస్తోందా?" అంటాడు. తెలియడం లేదంటే మన చెవులకే రోగం.

పోయిన వేసవిలో ఆంప్లిఫయర్ మీద పడ్డాడు. లోపలి స్పీకర్ తీసేసి విదేశీ స్పీకర్ వేయమని విజయవాడలో ఒక మెకానిక్కుకి పంపాడు. అది కాయల వ్యానులో తిరిగి రాగానే తోటలోని ప్యాకింగ్ షెడ్డులో కచేరీ పెట్టాడు. ఆయన స్నేహితులిద్దరు వచ్చి పెట్టెల మీద కూర్చున్నారు. ఇద్దరూ మామిడి రైతులే. కాయను వాసన చూసి రకం చెప్పగల మనుషులు, ఇక్కడ మాత్రం ఆయన ముఖం చూసి శబ్దం ఎలా ఉందో చెబుతున్నారు.

ఆయన ఎప్పటికన్నా వాల్యూమ్ పెంచి మరీ వాయించాడు.

"అబ్బ, ఏం లోతండీ!" అన్నాడు ఒకాయన.

"పాతదైతే రేకు డబ్బాలా ఉండేది కదండీ," అన్నాడు రెండో ఆయన. నిన్నమొన్నటి దాకా ఆ రేకు డబ్బానే ఈయన ఆకాశానికెత్తాడు.

"నీకేం తెలియలేదా అమ్మాయ్?" అన్నాడు బావగారు.

"గట్టిగా వినిపిస్తోంది బావగారూ," అన్నాను.

"గట్టిదనానికీ లోతుకీ తేడా తెలియకుండా ఎలా పాడుతున్నావో!"

ముగ్గురూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

అప్పుడే మెకానిక్ ఫోన్ చేశాడు. ఒళ్లో గిటార్ ఉండడంతో బావగారు ఫోన్లో మాట అందరికీ వినపడేలా పెట్టాడు.

"సార్, మీ కొత్త స్పీకర్ ఇంకా రాలేదండీ. పెళ్లి ప్రోగ్రాం ఉందన్నారు కదాని పాతదే బిగించి పంపేశాను. వచ్చాక మళ్లీ పంపండి, మారుస్తాను."

సిగ్గుపడతాడేమోనని ఆయన వైపు చూశాను. నా పిచ్చి గానీ!

"అదీ సంగతి! ఏదో వెలితిగా ఉందనుకుంటూనే ఉన్నాను," అన్నాడు.

"నాకూ అనిపించిందండీ," అన్నాడు ఇందాక లోతు మెచ్చుకున్న పెద్దమనిషి. రెండో తలా ఊగింది. అబద్ధమాడినా కొంత నయం. వాళ్లు నిజంగానే నమ్మారు. నాకు రోత పుట్టించింది అదే.

తర్వాత కొత్త స్పీకర్ వచ్చింది. మళ్లీ అదే షెడ్డు, అవే పొగడ్తలు. నేను వెళ్లలేదు. చింతలపూడిలో ఒక రిసెప్షన్‌లో మాత్రం దాని పక్కనే నిలబడి పాడక తప్పలేదు. భోజనాల వైపు నడుస్తున్న జనంలో ఒక్కరూ తల తిప్పలేదు. రెండో చరణం ముందు, ఎప్పుడూ తప్పే చోటే, బావగారు మళ్లీ తప్పాడు. నేను అలవాటుగా గొంతు పెంచి కప్పేశాను.

తిరిగొస్తుంటే వ్యానులో అడిగాడు: "ఇప్పుడు చెప్పు, ఎలా ఉంది?"

"రెండో చరణం ముందు తప్పు వాయించారు బావగారూ."

ఆయన ఆలోచించాడు. చాలాసేపే ఆలోచించాడు.

"ఈ గిటారే సరైంది కాదమ్మాయ్," అన్నాడు. "మార్చేయాలి."