దగ్గు మీట

తొంభైల మొదట్లో సింగపూర్‌లోని ఒక రేడియో స్టేషన్ నన్ను బయటి ప్రసారాల విభాగంలో జూనియర్ టెక్నీషియన్‌గా వేసుకుంది. ఆరు నెలలు ప్రొబేషన్. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజున స్టేడియానికి మైకులూ వైర్లూ మోసుకెళ్ళి, కామెంటేటర్ గొంతును స్టూడియో దాకా చేర్చడం నా పని. ఆ గొంతు అప్పల్నాయుడు గారిది. నాలాగే మలేషియాలో పుట్టి, పనికోసం దక్షిణాన సింగపూర్‌కి దిగిన తెలుగువాడు. వ్యాఖ్యానం తమిళంలో చెప్పేవారు, తిట్టడం మాత్రం తెలుగులో. ఆ తిట్లు ప్రసారం కాకుండా చూడడం కూడా నా ఉద్యోగంలో భాగమేనని మొదటి రోజే చెప్పారు.

కామెంటేటర్ బల్ల మీద ఒక చిన్న పెట్టె, దానికో మీట ఉంటాయి. దగ్గొస్తే ఆ మీట నొక్కి పట్టుకోవాలి, అంతసేపూ మైకు ఆగుతుంది. దాన్ని దగ్గు మీట అనేవాళ్ళం. నా ముందుండేది మిక్సర్. ప్రతి మైకుకూ ఒక ఫేడర్. పైకి జరిపితే శబ్దం వెళ్తుంది, కిందికి దించితే ఆగిపోతుంది. టెక్నీషియన్ హెడ్‌ఫోన్‌లో వినాల్సింది స్టేషన్ నుంచి ప్రసారమై వస్తున్న శబ్దాన్ని. అది కాస్త గరగరలాడుతూ ఉండేది. ఫేడర్ దాకా రాకముందే మైకు శబ్దం వినే వీలు కూడా మిక్సర్‌లో ఉంది, అది తేటగా ఉంటుంది. నేను అదే వినేవాణ్ణి. నాయుడు గారి గొంతంటే నాకు ఇష్టం. ఇష్టమైనంత మాత్రాన నిబంధన మారదని అప్పటికి నాకు తెలియదు.

ఆ రోజు విరామంలో లైను పరీక్ష చేశాను. పద్ధతి ప్రకారం మైకుల ఫేడర్లన్నీ దించి, స్టూడియోకి ఒక నిలకడైన కూత పంపి, బాగుందని వాళ్ళు చెప్పాక మళ్ళీ అన్నీ ఎత్తాలి. నేను జనం అరుపుల మైకు ఫేడర్ ఎత్తాను, ఆయనది ఎత్తలేదు. ఆట మళ్ళీ మొదలైన కాసేపటికే మనవాళ్ళు, అంటే సింగపూర్ జట్టు, గోల్ కొట్టారు. నాయుడు గారు లేచి నిలబడి చెప్పారు. అంత బాగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నా హెడ్‌ఫోన్‌లో ప్రతి మాటా స్ఫుటంగా వినిపించింది.

స్టూడియో నుంచి ఫోన్ మోగింది. జనం అరుస్తున్నారు సరే, మనిషేడీ అని అడిగారు. నేను కిందికి చూశాను. ఫేడర్ అట్టడుగున ఉంది. ఎత్తేసరికి ఇళ్ళలో వింటున్నవాళ్ళకు అందిన మొదటి మాట, 'ఇలాంటి గోల్ మళ్ళీ చూస్తామో లేదో.' కొట్టిందెవరో, ఎలా కొట్టాడో ఎవరికీ తెలియలేదు.

ప్రసారం ఆగితే లోపాల ఫారం రాయాలి. కారణం గడిలో మూడే మాటలుండేవి: యంత్రం, టెక్నీషియన్, కామెంటేటర్. ప్రొబేషన్‌లో ఉన్నవాడి ఫారంలో రెండో మాట పడితే ఉద్యోగం పోతుంది, దానితో పర్మిట్ పోతుంది, ఆ పైన మలేషియా బస్సే. నేను ఫారం ముందు పెట్టుకుని, రాయకుండా వైర్లు చుడుతున్నాను. నాయుడు గారు ఫారం లాక్కుని రాసేసి నా ముందు పెట్టారు.

"దగ్గొచ్చి మీట నొక్కేనని రాసేసేను. నువ్వు సంతకం ఎట్టీ. ఆకలేస్తంది, మకాన్‌కి ఎల్దాం, ఏదైనా తిందాం."

సంతకం పెట్టాను. నన్ను పర్మనెంట్ చేశారు. ఆ ఫారం చూసి, ఆ ఏడు మలేషియాలో జరిగిన ఫైనల్‌కి వేరే కామెంటేటర్‌ను పంపారు. ఆ మ్యాచ్ కోసం ఆయన సీజనంతా ఎదురుచూశారని నాకు తెలుసు. నేనెప్పుడు ఆ సంగతి ఎత్తబోయినా ఆయన తిండి సంగతి ఎత్తేవారు. కొన్నాళ్ళకు నేను ఎత్తడం మానేశాను. సిగ్గుపడాల్సిన విషయం, సిగ్గుపడుతూనే ఉన్నాను.

శ్రోతలు మాత్రం మానలేదు. దగ్గే కారణమని స్టేషన్ ప్రసారంలో చెప్పడంతో, గోల్ దగ్గర దగ్గిన మనిషిగా ఆయన పేరు స్థిరపడిపోయింది. ఆయన ఎక్కడ కనిపించినా అభిమానులు నవ్వుతూ గొంతు బిళ్ళల ప్యాకెట్ చేతిలో పెట్టేవారు. ఆయనా నవ్వుతూ పుచ్చుకునేవారు.

పోయిన నెల ఆయన పోయారు. ఆంగ్ మో కియోలో ఆయన ఉండే బ్లాక్ కింద, వాయిడ్ డెక్ అనే ఖాళీ జాగాలో కుర్చీలు వేసి అభిమానులు సంతాప సభ పెట్టారు. టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు చోప్ చేసుకునే, అంటే ఇది నాదని ఆపి ఉంచుకునే ఊళ్ళో, ఆ రోజు ముందు వరుస మొత్తం గొంతు బిళ్ళలతో చోప్ అయింది. ఫొటో ముందు కూడా పళ్ళెం నిండా అవే. మాట్లాడిన ప్రతివాళ్ళూ దగ్గు కథే చెప్పారు. పాసిర్ రిస్ నుంచి వచ్చిన రాములు అనే టాక్సీ డ్రైవర్ దగ్గి మరీ చూపించాడు. అందరూ నవ్వారు.

నేను లేచాను. ఫేడర్ అంటే ఏమిటో, హెడ్‌ఫోన్‌లో నేనేం విన్నానో, ఫారంలో ఎవరేం రాశారో వరసగా చెప్పాను. ఆయన దగ్గలేదని చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

"ఏంటంకుల్, ముప్ఫై ఏళ్ళు బిళ్ళలిచ్చాను లా," అన్నాడు రాములు సింగపూర్ యాసలో. "ఒక్కసారైనా నాకు దగ్గు లేదని చెప్పలేదు ఆయన."

తరవాత వాళ్ళు నన్ను ఆ గోల్ చెప్పమన్నారు. విన్నవాణ్ణి నేనొక్కణ్ణే కదా. నాకు గొంతు లేదు, తమిళమూ అంతంతమాత్రం. అయినా గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పాను. ఎడమ పక్కనుంచి బంతి ఎవరిచ్చారో, కీపర్ ఎటు దూకాడో, ఆయన ఎక్కడ ఊపిరి తీసుకున్నారో. చెప్తూ ఉండగా నాకు ఏడుపొచ్చింది. ఆపకుండా పూర్తిచేశాను. ఆ గోల్ ఎవరు కొట్టారో కొందరికి అప్పుడే తెలిసింది.

సభ అయ్యాక నాయుడు గారి భార్య సత్యవతి ఆంటీ నన్ను పైన ఫ్లాట్‌కి తీసుకెళ్ళి, వంటింటి బీరువా తీసి, రెండు పెద్ద సంచులు నా ముందు పెట్టింది. లోపల అన్నీ ప్యాకెట్లే. ఒక్కటి కూడా విప్పలేదు.

"ఆయనకి దగ్గెక్కడిది బాబూ," అంది ఆవిడ. "ఇయన్నీ నీయే. అట్టుకెల్లు."

తెచ్చుకున్నాను. చాలావాటికి గడువు దాటిపోయింది. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే: మీ చెవికి ఏం వినిపిస్తోందో కాదు, బయటికి ఏం వెళ్తోందో వినండి. మీ తప్పుకు ఫారం ఆ రోజే మీరే నింపండి. ఆలస్యంగా నింపితే దాన్ని తీసుకోవాల్సిన మనిషి ఉండడు.