మనం వెళ్ళకపోతే ఇంటికొచ్చే ఆస్పత్రి

గోదావరి పుష్కరాలు వెళ్ళిన మరుసటి ఏడాది, మాఘమాసం పెళ్ళిళ్ళ రోజుల్లో, పూతరేకులు తీస్తూ తీస్తూ దగ్గు ఆగక కుండ ముందు నుంచి లేచిపోయాను. పదహారేళ్ళుగా చేస్తున్న పని, మధ్యలో లేవడం అదే మొదటిసారి. మాది ఆత్రేయపురం పక్క పల్లె. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో తడిపిన గుడ్డను దానిమీద లాగితే రేకు వస్తుంది. రోజంతా పొగలోనే ఉంటాం కనుక మా దగ్గర దగ్గని ఆడమనిషి లేదు. పొగ దగ్గు అని దానికి పేరు కూడా పెట్టుకున్నాం. నా పక్క కుండ దగ్గర కూర్చునే మంగా దగ్గేది. మంగ మా పక్కింటి మనిషే, నా దగ్గరే పనిచేసేది.

రెండు నెలలు మిరియాల కషాయంతో నెట్టుకొచ్చాను. నీరసం వస్తే ఊళ్ళో ఆర్‌ఎంపీ గారిచేత సెలైన్ బాటిల్ పెట్టించుకున్నాను. సాయంత్రమయ్యేసరికి జ్వరం, జాకెట్లన్నీ వదులు. మూడు వీధుల అవతలే ఉన్న ప్రభుత్వాసుపత్రికి వెళ్దామన్నారు మా ఆయన. నేను ససేమిరా అన్నాను. అక్కడ వరసలో నిలబడే వాళ్ళలో సగంమంది నా చేతి రేకులు తిన్నవాళ్ళే. దగ్గే మనిషి చేతి మిఠాయి మళ్ళీ ఎవరు కొంటారు? నాకు జబ్బు కంటే ఊరంటేనే భయం.

రాజమండ్రిలో ఓ ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాం. ఫ్యాను కింద కుర్చీ వేసి "కూర్చోండమ్మా" అన్నారు. ఎక్స్‌రే, ఈఎస్ఆర్ రక్తపరీక్ష అదే పూట అయిపోయాయి.

"టీబీ అమ్మా. ఆరు నెలలు ఒక్కరోజు మానకుండా మందులు వాడితే పోతుంది" అన్నారు డాక్టరు గారు.

వాడాను. రెండు నెలలకి దగ్గు పోయింది, ఒళ్ళు వచ్చింది. మందులకి మూత్రం ఎర్రగా వస్తుంటే వేడి చేసిందనుకుని, తగ్గిపోయిందిగా అని మానేశాను. మా ఆయన చెబితే విన్నానా? నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆస్పత్రి వాళ్ళు ఎందుకు రాలేదని అడగలేదు. వాళ్ళ తప్పని అనను. వెళ్తే చూసేవాళ్ళు, వెళ్ళలేదు.

కార్తీకంలో ఓ పొద్దున కఫంలో నెత్తురు పడింది. మళ్ళీ రాజమండ్రి.

"ఎప్పుడు మానేశారు?"

"జూలైలోనండి."

డాక్టరు గారు పెన్ను పక్కన పెట్టారు. "నేను రాసేవీ, గవర్నమెంటు వాళ్ళిచ్చేవీ దాదాపు ఒకటే మందులమ్మా. కానీ మీరు రాకపోతే నాకు తెలీదు. అక్కడ డాట్స్‌లో చేరండి. వాళ్ళ ఎదురుగానే మింగిస్తారు. రాకపోతే ఇంటికొస్తారు."

ఇంటికొస్తే ఊరందరికీ తెలిసిపోతుంది. దానికి భయపడే కదా ఇంత దూరం వచ్చింది! తిరుగు బస్సులో ఏడ్చాను. ఏడుస్తూనే, రేపే వెళ్తానని మా ఆయనతో అన్నాను.

మర్నాడు మా ఊరి ప్రభుత్వాసుపత్రికి వెళ్తే అక్కడి డాక్టరు గారు సెలవు. ఆ మర్నాడు రెండు గంటలు నిలబడ్డాను. ముందు మానేసిన సంగతి విని నలుగురిలో కేకలేశారు. కఫం పరీక్షలో త్రీ ప్లస్ వచ్చింది, అంటే క్రిములు బాగా ఎక్కువని. మధ్యలో మానేసినవాళ్ళకిచ్చే కేటగిరీ టూ మందులు, ఎనిమిది నెలలు, మొదటి రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు కూడా. అంతా అయ్యాక ఓ అట్టపెట్టె మీద నా పేరు రాశారు. అందులోని మందులు ఇంకెవరికీ ఇవ్వరట. మర్యాద లేనిచోట అంత భద్రం ఉంటుందని నేననుకోలేదు.

తిండి వల్ల రాదు, దగ్గితే గాలి ద్వారా వస్తుందని చెప్పారు. ఒంట్లో బాగోలేదని కుండలు మంగకి అప్పగించి, నేను రోజు విడిచి రోజు ఆస్పత్రికి వెళ్ళొచ్చేదాన్ని. నాలుగో వారం ఇంజెక్షన్లకి కళ్ళు తిరిగి, వాంతులై, ఓ రోజు మానేశాను. మధ్యాహ్నానికల్లా హెల్త్ వర్కరు ఎస్తేరు గారు గొడుగు మడుచుకుంటూ మా వాకిట్లో ఉన్నారు.

"ఏంటండి, పొద్దున్న రాలేదు?"

"ఇవాళ మింగలేనండి, కక్కేస్తున్నాను."

"ముందు రెండు ముద్దలు తినండి. నేను కూర్చుంటాను."

అన్నం తిని, ఏడు మాత్రలూ మింగేదాకా ఆవిడ కదల్లేదు. మర్నాడు డాక్టరు గారితో చెప్పి ఇంజెక్షన్ డోసు తగ్గించే ఏర్పాటూ చేశారు.

ఆవిడ వెళ్ళాక అరుగు మీద మంగ దగ్గు వినబడింది. పొగ దగ్గు కాదు, నాలో విన్న దగ్గే. నా వల్లే వచ్చిందేమో అనుకున్నాను. చెబితే నా సంగతి బయటపడుతుంది, చెప్పకపోతే మంగ పోతుంది. మూడు రోజులు దాచాను. సిగ్గు విడిచి రాస్తున్నాను, మూడు రోజులు.

"మంగా, నాది పొగ దగ్గు కాదే. టీబీ."

"ఆయ్, తెలుసు వదినా. రోజు విడిచి రోజు ఆస్పత్రికెళ్తుంటే ఊరికి తెలీదా ఏంటి?"

"మరి నువ్వెందుకు చూపించుకోలేదే?"

"మీరే ఇంత దాత్తన్నారంటే అదెంత పెద్ద జబ్బోనని భయమేసిందండి."

మర్నాడు మంగ చెయ్యి పట్టుకుని వరసలో నేనే ముందు నిలబడ్డాను. "టీబీ పరీక్షకండి" అని అందరికీ వినబడేలా చెప్పాను. మంగకీ ఉంది. ఆమె ఆరు నెలలు, నేను ఎనిమిది నెలలు, ఒక్క డోసు వదలకుండా పూర్తి చేశాం. చివరి పరీక్షలో ఇద్దరికీ నెగెటివ్.

కొందరు పాత బేరాలు మళ్ళీ రాలేదు. మిగతావాళ్ళు వచ్చారు. ఇప్పుడు గోడకి పెద్ద కిటికీ కొట్టించి ఇద్దరం రేకులు తీస్తున్నాం.

ప్రైవేటా, గవర్నమెంటా అని నన్నడుగుతుంటారు. మీకు వీలైన చోటికి వెళ్ళండి. కానీ మొదటి రోజే అడగండి: "నేను మందులు మానేస్తే మీకెలా తెలుస్తుంది?" తెలియదంటే, జబ్బు పేరు దాచకుండా మీ పక్కన పనిచేసే మనిషికి చెప్పి, రోజూ మింగావా అని అడగమనండి. పరువు పోతుందంటారా? నాది కొంత పోయింది. నేనూ మంగా ఉన్నాం.