వరసలో ఆమె బిందె

విజయవాడలో మా కొండ మీది వీధికి కుళాయి నీళ్లు పొద్దున ఒక్కసారే వస్తాయి. అందుకే తెల్లవారకముందే వరసలో బిందె పెట్టి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతాం. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. దాన్ని ఇంకొకరు కదపకూడదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఇదే కట్టుబాటు.

ఆ కట్టుబాటు తప్పింది బర్మావాళ్లని వీధంతా చెప్పుకుంటోంది. అబద్ధం. తప్పింది నేను.

బర్మాలో ఇల్లు తగలబెడితే పారిపోయి వచ్చిన కుటుంబం అది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. అతను పాత ఇనుము కొట్టులో పనిచేస్తాడు. మా ఇంటికి పైన, మెట్ల చివర గదిలో అద్దెకు దిగారు. మొన్న ఎండాకాలం నీళ్లు సన్నగా వస్తున్నాయి. నా ముందు ఆమె బిందె ఉంది, ఆమె లేదు. కాలితో దాన్ని వెనక్కి నెట్టేశాను. ఆమె వచ్చి, తన చోటు కోసం నా బిందెను పక్కకు జరిపింది. అందరూ చూసింది అదొక్కటే. కేకలు లేచాయి. నేను నోరు విప్పలేదు.

వాళ్లని ఖాళీ చేయించమని అడగడానికి ఆ ఆదివారం వీధివాళ్లంతా వాళ్ల ఇంటి ఓనరును పిలిచి కూర్చున్నారు.

"ముందు ఆవిడ బిందె జరిపింది నేనండీ," అన్నాను.

"ఊరుకో అన్నయ్యా, జాలిపడి నీ మీద వేసుకుంటున్నావు," అన్నాడు ఎదురింటి ఆటో అతను.

"జాలా? కాలితో తన్నానురా!"

"మీ తాత కూడా రంగూన్ నుంచి వచ్చినాయనేగా. చుట్టరికం కలిసినట్టుంది," అంది పక్కింటి పిన్ని. అందరూ నవ్వారు.

"మా తాతని లాగకు పిన్నీ. ఆయన ఇక్కడివాడే, కూలికెళ్లి తిరిగొచ్చాడు. గవర్నమెంటు స్థలం ఇచ్చింది. వీళ్లకి ఇక్కడ ఏమీ లేదు. అది వేరు, ఇది వేరు."

"మరి మనకే నీళ్లు చాలట్లేదు కదయ్యా?" అంది పిన్ని.

చాలట్లేదు. ఆ మాట నేను ఇప్పటికీ అంటాను. దిక్కులేక వచ్చినవాళ్లకి చోటివ్వడం దేశం పని అయితే, ఆ బరువంతా మా ఒక్క కుళాయి మీద పడకుండా చూడటమూ దాని పనే. ఇంకో పైపు వెయ్యమని కార్పొరేషన్‌తో గొడవపడదాం, ముందు నేనే వస్తాను. వాళ్లు ఎన్నాళ్లు ఉండాలో ప్రభుత్వం తేల్చుకోనీ. ఆలోపు తాగే నీళ్ల దగ్గర ఎవరికైనా వరస వరసే. అదే చెప్పాను.

"ఖాళీ చేయించాలంటే వరస తప్పినవాణ్ని చేయించండి. నాది సొంతిల్లు. ఎలా చేయిస్తారో చూస్తాను."

ఓనరు లేచి, "వాళ్లు ఉంటారండీ," అని వెళ్లిపోయాడు. పిన్ని ఆరోజు నుంచి నాతో మాట్లాడటం లేదు.

ఆ సాయంత్రమే మెట్లెక్కి వెళ్లి ఆమెకు క్షమాపణ చెప్పాను. "సరే భాయ్," అంది. తలుపు మాత్రం పూర్తిగా తియ్యలేదు.

ఇప్పటికీ ఆమె బిందె పెట్టి వెళ్లదు. దాని మీద చెయ్యి వేసుకుని అక్కడే నిలబడుతుంది. పైనుంచి పిల్లల ఏడుపు వినిపిస్తున్నా కదలదు. నా బిందె ఆమె వెనక పెట్టి, "వెళ్లమ్మా, ఎవరూ ముట్టుకోరు," అంటాను. వెళ్లదు. పిన్ని చూసి నవ్వుతుంది.

నవ్వనీ. రేపూ అంటాను.